కంపార్ కొండపై నాలుగు దినములు

ఏలూరు జిల్లాలోని జంగారెడ్డిగూడెము కొండకును పల్లమునకును నడుమ నున్న ఊరు. అచ్చట నిలిచి ఉత్తరముగా నడచినచో బుట్టాయగూడెము మీదుగా మన్యపు అడవులు, వాని వెనుక పాపికొండలు కానవచ్చును. దక్షిణముగా నడచినచో మెరకభూములు క్రమముగా దిగి, ఏలూరు దాటిన పిమ్మట కొల్లేటి పల్లములో కలిసిపోవును. ఈ దారికి ఇరువైపుల నేడు పామాయిలు తోటలు వరుసలు దీరి యున్నవి. ఈ చెట్టు మన నేలలో పుట్టినది కాదు. దీని జన్మస్థానము పశ్చిమ ఆఫ్రికా. మలయా ద్వీపకల్పమున ఇది విస్తారముగా వ్యాపించి లోకప్రసిద్ధి పొందెను. మన ప్రాంతమున ఈ పంట ఎంతగా పెరిగినదనగా, దీనిని గూర్చి పరిశోధన చేయు జాతీయ సంస్థ ఏలూరునకు సమీపమున పెదవేగిలోనే నెలకొనియున్నది.

జంగారెడ్డిగూడెపు బాలుడొకడు మలేసియాలోని పెరక్ రాష్ట్రమునకు పోయినాడనుకొందము. అచ్చటి దక్షిణ భాగమును చూచినప్పుడు అతనికి క్రొత్త తోచదు. తూర్పున అడవితో నిండిన ఎత్తైన కొండ, దాని పాదమున రాజమార్గము, మార్గమునకు పడమర చదునైన నేల, ఆ పైన తోటలు, తుదకు సముద్రము. ఆ సముద్రతీరమున బాగాన్ దాతో అను ప్రాంతమున కొబ్బరితోటల నడుమ నడచినచో అతని చెవికి తెలుగు మాటలు కూడ వినవచ్చును. ఏలయన, మన వారు అచ్చట తరతరములుగా నివసించుచున్నారు.

పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగము మొదలుకొని తెలుగు కూలీలు మలయాకు వలసపోవుచుండిరి. వారిలో విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతముల వారు ఎక్కువ. గోదావరి ప్రాంతముల వారును కలరు. కరవు తరుమగా, అప్పు ఒత్తిడి చేయగా, కంగాణీల మాటలు నమ్మి వారు ఓడలెక్కిరి. రబ్బరు చెట్లకు గాట్లు పెట్టి పాలు తీయుట, కొబ్బరికాయలు దింపి ఎండబెట్టుట వారి పని. తోటయజమాని కట్టించిన వరుస ఇండ్లలో వారి కాపురము. 1938లో భారత ప్రభుత్వము ఈ కూలీల వలసను నిలిపివేసెను. కాని అప్పటికే అచ్చట స్థిరపడిన కుటుంబములు అనేకము. ఇంటికి ఉత్తరము వ్రాయించుకొనుచు, పండుగకు రామభజన చేసికొనుచు, ఏనాటికైన తిరిగి పోదుమను ఆశతో వారు కాలము గడుపుచుండిరి.

ఆ తోటలకు సమీపమున, 1941వ సంవత్సరము ముగిసి 1942 ప్రారంభమగు దినములలో, కంపార్ అను పట్టణము వద్ద ఒక పోరాటము జరిగెను. రెండవ ప్రపంచయుద్ధపు మహాసంగ్రామములతో పోల్చినచో అది చిన్నది. అందు పాల్గొన్నవారు కొన్ని వేల మంది మాత్రమే. అది జరిగినది నాలుగు దినములు. తుదకు ఆ స్థలమును కాచినవారు దానిని విడిచి వెనుకకు పోయిరి. అట్టి పోరాటమును మన మేల చదువవలెను? గెలిచినవారి కథలు చాలవా? ఈ ప్రశ్నకు సమాధానము కావలెనన్నచో ఆ నాలుగు దినములలో జరిగినదేమో తెలిసికొనవలెను.

1941 డిసెంబరు 8వ తేదీ అర్ధరాత్రి దాటిన పిమ్మట జపాను సైనికులు మలయా ఈశాన్య తీరమునగల కోటబారు వద్ద దిగిరి. హవాయి దీవులలోని పెర్ల్ హార్బరుపై జపాను విమానములు విరుచుకొనిపడిన సంగతి లోకమంతయు ఎరుగును. కాని కోటబారు తీరమున తుపాకులు మ్రోగినది అంతకు గంటకు పైగా ముందే. ఆ తీరమును కాచుచుండినవారు భారతదేశపు సైనికులు. పసిఫిక్ యుద్ధపు మొదటి దెబ్బను కాచినవారిలో మన దేశపు సిపాయిలు ఉండిరన్నమాట.

అప్పుడు మలయా ఆంగ్లేయుల పాలనలో నుండెను. ఆంగ్లేయులు తమ బలమంతయు సింగపూరు రేవునందును, అచ్చటి యుద్ధనౌకలయందును ఉన్నదని తలచిరి. డిసెంబరు 10వ తేదీన వారి రెండు పెద్ద యుద్ధనౌకలను జపాను విమానములు ముంచివేసెను. ఉత్తరమున జిత్రా అను చోట 11వ భారతీయ డివిజను రెండు దినములలోనే చెదరిపోయెను. జపాను సైనికులు సైకిళ్ళపై వేగముగా వచ్చుచుండిరి. వారికి టాంకులు కలవు. ఎదుటిపక్షమున ఒక్క టాంకైనను లేదు. ఆకాశమంతయు జపాను విమానములదే.

జిత్రా మొదలుకొని మూడు వారములపాటు భారతీయ డివిజను వెనుకకు నడచుచునే యుండెను. పగలు పోరు, రాత్రి నడక. ఎడతెగని వాన. నిద్రలేదు, వేళకు అన్నము లేదు. కూర్చుండినచోటనే కన్ను మూసినవారు, లేవుమని తట్టిన వెంటనే మరల నడచిరి. పటాలములు సగము సగమై పోయెను. కావున చెదరిన పటాలములను జతచేసి క్రొత్త పటాలములుగా కూర్చిరి. లీస్టరు, ఈస్ట్ సర్రీ అను రెండు ఆంగ్ల రెజిమెంట్ల పటాలములు కలిసి ఒక్కటై 'బ్రిటిషు పటాలము' అను పేర నిలిచెను. జాట్ల పటాలములో మిగిలినవారును, 8వ పంజాబు రెజిమెంటులోని మొదటి పటాలమున మిగిలినవారును మరియొకటిగా కూడిరి. నిన్నటివరకు వేరువేరు జెండాల క్రింద, వేరువేరు భాషలలో ఆజ్ఞలు వినిన వారు నేడు ఒక్క కందకములో భుజము భుజము కలిపి నిలువవలసి వచ్చెను.

డివిజనుకు క్రొత్తగా అధిపతియైన ఆర్చిబాల్డ్ పారిస్ అను సేనాని, ఇక వెనుకకు పోవుటకు ముందు ఒక్కచోటనైన గట్టిగా నిలువవలెనని నిశ్చయించెను. అందులకు ఆయన ఎన్నుకొన్న స్థలము కంపార్.

ఇపో పట్టణమునకు దక్షిణమున సుమారు 40 కిలోమీటర్ల దూరమున కంపార్ కలదు. పట్టణమునకు తూర్పున బుజాంగ్ మెలాకా అను కొండ 1,200 మీటర్లకు పైగా ఎత్తున నిలిచియున్నది. దాని వాలులు దట్టమైన అడవి. కొండకు పడమర నేల చదునుగా నుండును. అచ్చట తగరపు గనులు త్రవ్విన గోతులు నీటితో నిండి చెరువులవలె కానవచ్చును. చెట్లు తక్కువ గనుక దూరమునుండి వచ్చువారు కొండపై నున్నవారికి స్పష్టముగా కనబడుదురు. మలయాలో తక్కినచోట్ల రబ్బరుతోటలును, అడవులును దారిని క్రమ్మియుండుటచే ఫిరంగులకు గురి దొరకెడిది కాదు. కంపార్ వద్ద మాత్రము ఫిరంగులకు ఎదుట విశాలమైన మైదానము దొరకెను. కొండవాలునుండి చదునునకు దిగిన చిన్న గట్లను సైనికులు థాంప్సన్ గట్టు, గ్రీన్ గట్టు అని పిలిచిరి. ఆ గట్లపైననే కందకములు త్రవ్విరి.

దక్షిణమునకు పోవు రాజమార్గము కొండకు పడమరగా, కంపార్ పట్టణము మీదుగా పోవును. మరియొక చిన్నదారి కొండను తూర్పువైపు చుట్టి పోయి మరల రాజమార్గములో కలియును. కావున రెండువైపుల కాపు అవసరమయ్యెను. తూర్పుదారిలో సాహుమ్ వద్ద గూర్ఖా బ్రిగేడు నిలిచెను. పడమరవైపు, అనగా ప్రధానమైన వైపున, ఆరవ బ్రిగేడును, పదునైదవ బ్రిగేడును కలిపి ఒక్కటిగా చేసి నిలిపిరి. దానికి నాయకుడు మూర్‌హెడ్ అను బ్రిగేడియరు. బ్రిటిషు పటాలము ముందు గట్టులపై నిలువగా, భారతీయ పటాలములు వారికి ప్రక్కను, వెనుకను నిలిచెను. మరియొక బ్రిగేడు దక్షిణముగా పోయి సముద్రమువైపు దారులను కాచుటకు నియమింపబడెను. ఈ చివరి మాటను జ్ఞాపకమునందుంచుకొనుడు. కథ తిరిగినది అచ్చటనే.

డిసెంబరు 30వ తేదీన జపాను సైనికులు కంపార్ ముంగిటికి వచ్చిరి. మరునాడు వారు తూర్పుదారిని పరీక్షించిరి. గూర్ఖాలు కదలలేదు. వెనుకనున్న ఫిరంగులు గురి తప్పలేదు. జపానువారు ఆ దారిన ముందునకు రాజాలక ఆగిపోయిరి. మూడు వారములుగా వెనుకకు నడచుటయే ఎరిగిన సైనికులకు అది గొప్ప ధైర్యమునిచ్చెను. శత్రువును ఆపవచ్చునని వారికి మొదటిసారి తెలిసినది.

1942 జనవరి 1వ తేదీ. క్రొత్త సంవత్సరపు ఉదయము ఇంచుమించు 7 గంటల వేళ జపాను 41వ పదాతి రెజిమెంటు థాంప్సన్ గట్టు మీదికి వచ్చిపడెను. మోర్టారు గుండ్లు కందకములపై వర్షించెను. విమానములు పైనుండి వేటాడెను. పదాతిసైనికులు అలలవలె ఒకరి వెనుక నొకరు గట్టు నెక్కిరి. పైనున్నవారు వారిని దగ్గరకు రానిచ్చి కాల్చిరి. కొన్ని కందకములు ఒకమారు పోయి, మరల వచ్చి, మరల పోయెను. తుపాకికి కొనయందు తగిలించు కత్తిని బాయొనెట్టు అందురు. గుండ్లు నింపుకొనుటకు వ్యవధిలేని చోట్ల ఆ కత్తులతోనే పోరు సాగెను. సాయంకాలమునకు గట్టు కాపువారి చేతిలోనే యుండెను.

జపాను సేనాధిపతి మత్సుయి క్రొత్త దళములను పంపెను. అలసినవారి స్థానమున అలసటలేనివారు వచ్చిరి. గట్టు మీదివారికి మాత్రము అట్టి మార్పు లేదు. జనవరి 1న పోరాడినవారే 2వ తేదీన కూడ పోరాడవలెను. ఆ దినము మధ్యాహ్నమునకు థాంప్సన్ గట్టు తూర్పుభాగమున కొన్ని కందకములు జపానువారికి చిక్కినవి. కొండవైపు ఎత్తు వారి వశమైనచో మిగిలిన కందకములన్నియు పైనుండి కాల్పులకు గురియగును. కావున వానిని వెంటనే తిరిగి తీసికొనవలెను. మొదట ఒకటి రెండు ప్రయత్నములు విఫలమయ్యెను.

అప్పుడు వెనుక నిలిపియుంచిన పంజాబు పటాలములోని సిక్కుదళమునకు పిలుపు వచ్చెను. దానికి నాయకుడు జాన్ గ్రాహమ్ అను కెప్టెను. పోవలసిన దూరము ఎక్కువ కాదు. కాని ఆ దూరమంతయు శత్రువుల తుపాకులకు ఎదురుగా నున్నది. గ్రాహమ్ ముందు నడచెను. సిక్కులు బాయొనెట్లు తగిలించి, "సత్ శ్రీ అకాల్" అని ఎలుగెత్తి కేకలు వేయుచు గట్టు మీదికి పరుగెత్తిరి. మోర్టారు గుండ్లు వారి నడుమ పడుచుండెను. ప్రక్కవాడు కూలినను వెనుదిరిగి చూచుటకు అవకాశము లేదు. గ్రాహమ్‌కు కాళ్ళయందు ఘోరమైన గాయములయ్యెను. నిలువజాలక పడిపోయియు ఆయన తన వారిని ముందునకు పొండని పురికొల్పుచునే యుండెను. సిక్కులు కందకములలోనికి దూకిరి. జపానువారు ఆ చోటు విడిచిరి. గట్టు మరల కాపువారి వశమయ్యెను.

గ్రాహమ్ ఆ గాయములతోనే మరణించెను. ఆయన వెంట పరుగెత్తిన సిపాయిలలో అనేకులు ఆ వాలునందే శాశ్వతముగా నిలిచిపోయిరి. పుస్తకములలో నాయకుని పేరు నిలిచినది. సిపాయిల పేర్లు పలువురకు తెలియవు. కాని ఆ దినమున గుండ్లు పేరు అడిగి తగులలేదు.

ఇంత జరిగినను, అదే రాత్రి కంపార్‌ను విడిచి వెనుకకు పొండని ఆజ్ఞ వచ్చెను. ఏల? గట్టు పోయినదా? లేదు. సైనికులు బెదరిరా? లేదు. కారణము అచ్చటికి దూరముగా, సముద్రతీరమున నున్నది.

జపానువారు పడమటి తీరమున చిన్న ఓడలను, పడవలను సేకరించిరి. కొండను ఎదురుగా ఎక్కుటకంటె సముద్రము మీదుగా చుట్టి పోవుట సులభమని వారు గ్రహించిరి. పెరక్ నదియు, బెర్నామ్ నదియు సముద్రములో కలియు ప్రాంతమునకు ఒక దళము సముద్రమార్గమున వచ్చెను. మరియొక దళము పెరక్ నదీమార్గమున దక్షిణమునకు దిగెను. ఈ రెండును తెలోక్ ఆన్సన్ పట్టణమువైపు వచ్చినవి. ఆ పట్టణమును నేడు తెలుక్ ఇంతాన్ అందురు. అచ్చటినుండి రాజమార్గమునకు దారి కలదు. సముద్రమువైపు కాపున్న బ్రిగేడు వారిని కొంతసేపు అడ్డగించినది గాని ఆపజాలలేదు. ఆ దళములు రాజమార్గమును చేరినచో కంపార్‌లో నున్నవారందరు వెనుకదారి మూసుకొనిపోయి చిక్కువడుదురు. ఎదుట తలుపునకు ఎంత గట్టి గడియ వేసినను, పెరటి తలుపు తెరచియున్నచో ఇల్లు కాచినట్లు కాదు గదా! జనవరి 2వ తేదీ రాత్రి సైనికులు నిశ్శబ్దముగా గట్లు దిగి దక్షిణమునకు నడచిరి.

ఆ రెండు నదీముఖముల నడుమ నున్నదే మనము ముందు చెప్పుకొన్న బాగాన్ దాతో. మన వారి కొబ్బరితోటలు అచ్చటివే. కొండమీది ఫిరంగుల చప్పుడునకు దూరముగా నున్నామనుకొన్న తోటకూలీల తీరమునకే యుద్ధము పడవలెక్కి వచ్చెను. దానిని ఆపుటకు గాని, పిలుచుటకు గాని వారికి ఏ శక్తియు లేదు.

కంపార్ తరువాత కథ త్వరగా ముగిసినది. జనవరి 7వ తేదీన స్లిమ్ నది వద్ద జపాను టాంకులు రాత్రివేళ దారి వెంట దూసుకొనివచ్చి డివిజనును చీల్చివేసెను. ఫిబ్రవరి 15న సింగపూరు లొంగిపోయెను. ఎనుబది వేలకు పైగా సైనికులు ఆయుధములు దించిరి. కంపార్‌లో నాలుగు దినములు నిలిచినవారిలో ప్రాణములతో మిగిలినవారు కూడ తుదకు బందీలే యైరి.

ఇచ్చట ఆలోచింపదగిన విషయ మింకొకటి కలదు. ఆ సిపాయిలు ఎవరి కొరకు పోరాడిరి? నాడు మన దేశము స్వతంత్రము కాదు. పంజాబు రైతుబిడ్డ, హర్యానా జాట్టు, నేపాళపు గూర్ఖా తమది కాని సామ్రాజ్యము కొరకు, తమది కాని దేశమున ప్రాణములొడ్డిరి. ఈ ప్రశ్న ఆ సిపాయిలకును తోచకపోలేదు. జిత్రా యుద్ధము తరువాత జపానువారికి చిక్కిన 14వ పంజాబు రెజిమెంటు కెప్టెను మోహన్‌సింగ్ భారత జాతీయ సైన్యమును నెలకొల్పుటకు పూనుకొనెను. 1943లో నేతాజీ సుభాష్ చంద్రబోసు సింగపూరునకు వచ్చి దానికి నాయకత్వము వహించిన పిమ్మట, సైనికులేగాక మలయా తోటలలోని దక్షిణభారతీయులు కూడ అనేకులు అందు చేరిరి. కొందరు సిపాయిలు మాత్రము చేసిన ప్రమాణము తప్పరాదని చెరలోనే యుండిరి. ఎవరి దారి సరియైనదని నేడు హాయిగా కూర్చుండి తీర్పు చెప్పుట తేలిక. ఆ దినమున ఎన్నుకొనవలసినవారికి అది తేలిక కాలేదు. అయినను ఒక సంగతి నిశ్చయము. థాంప్సన్ గట్టుపై పరుగెత్తిన సిపాయి సామ్రాజ్యమును తలచుకొని పరుగెత్తియుండడు. ప్రక్కనున్న తోడివానిని విడువరాదని పరుగెత్తెను.

ఆయుధము పట్టని తోటకూలీల గతి ఏమయ్యెను? జపాను పాలన మూడున్నర సంవత్సరములు సాగెను. ఓడలు రాకపోవుటచే బియ్యము కరవయ్యెను. జనులు కర్రపెండలముతో కడుపు నింపుకొనిరి. రబ్బరు కొనువారు లేక కూలి లేకపోయెను. సయాము దేశమునుండి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుమార్గము వేయుటకు జపానువారు యుద్ధఖైదీలతో పాటు మలయా తోటలనుండి తమిళ, తెలుగు కూలీలను కూడ తరలించిరి. మంచి కూలి ఇత్తుమని కొందరిని నమ్మించిరి. కొందరిని బలవంతముగా లారీల కెక్కించిరి. అడవిలో కలరా, మలేరియా, ఆకలి వారిని కబళించెను. 1943 అక్టోబరులో ఆ మార్గము పూర్తియగునాటికిని, ఆ తరువాతను మరణించిన ఆసియా కూలీలు ఇంచుమించు 90,000 మంది యని అంచనా. ఎన్నో తోటలలో వరుస ఇండ్ల ముంగిట స్త్రీలు తిరిగిరాని భర్తలకై ఎదురుచూచిరి.

ఈ యుద్ధము మన తీరమునకు కూడ ఒక్క దినము వచ్చి పోయెను. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణము పైనను, కాకినాడ పైనను బాంబులు వేసెను. ప్రాణనష్టము జరిగినది. తీరపట్టణముల ప్రజలు మూటలు కట్టుకొని లోపలి ఊళ్ళకు తరలిరి. మలయాను చుట్టిన యుద్ధము మన రేవుల మీదికి కూడ వచ్చెను. తెలోక్ ఆన్సన్‌లోని బంధువు ఏమయ్యెనో ఇచ్చటివారికి తెలియదు. కాకినాడలోని తల్లి ఏమయ్యెనో అచ్చటివారికి తెలియదు. ఉత్తరములు ఆగిపోయెను.

జపాను 1945 ఆగష్టులో లొంగిపోయెను. భారతదేశము 1947లోను, మలయా 1957లోను స్వతంత్రములయ్యెను. కంపార్ గట్లపై చెట్లు మొలచి కందకములు పూడిపోవ మొదలిడెను. ఆ పోరాటమును మరువకుండ కాపాడినవాడు సేనాని కాడు, మంత్రి కాడు. కంపార్‌లోని ఒక పాఠశాల ఉపాధ్యాయుడు. ఆయన పేరు చై కూయ్ లూంగ్. యుద్ధము జరిగిన నాటికి ఆయన బాలుడు. పెద్దవాడైన పిమ్మట ఆయన గట్లన్నియు తిరిగి, కందకముల జాడలు వెదకి, పోరాటమునుండి బ్రతికి బయటపడిన సైనికులను విచారించి, బ్రిటిషు పటాలపు చరిత్రను గ్రంథముగా వ్రాసెను. తన ఊరిలో జరిగినదానిని తన ఊరివాడే తెలిసికొననిచో మరెవరు తెలిసికొందురు అన్న పట్టుదల ఆయన కార్యమున కానవచ్చును.

సింగపూరులోని క్రాంజి శ్మశానవాటికలో సమాధి యెరుగని 24,000 మందికి పైగా సైనికుల పేర్లు గోడలపై చెక్కబడియున్నవి. వానిలో భారతీయుల పేర్లు వేలకొలది. అచ్చట ప్రతి సిపాయికిని ఒక పంక్తి దొరకెను. రైలుమార్గపు అడవిలో మరణించిన తోటకూలీలలో చాలమందికి ఆ పంక్తియైనను దొరకలేదు.

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకు వత్తము. వెనుదిరుగుటతో ముగిసిన పోరాటమును ఏల చదువవలెను? కంపార్‌లోని సైనికులు తమకు అప్పగించిన గట్టును కోల్పోలేదు. వారికి అందని చోట, వారు చూడని తీరమున ఫలితము నిర్ణయింపబడెను. మనుష్యుని చేతిలో నున్నది కర్తవ్యము మాత్రమే. ఫలితమునకు అనేక హస్తములు కలవు. గెలుపును బట్టియే మనుష్యుని విలువ కట్టినచో ఆ వాలున పడిన సిపాయికి మనము అన్యాయము చేసినవారమగుదుము. సిపాయిని మాత్రమే తలచి ఊరకున్నచో, కొబ్బరితోటలోని మన తెలుగు కూలీకి అన్యాయము చేసినవారమగుదుము. యుద్ధమును గూర్చి చదువునప్పుడు కొండమీదివానిని, కొండక్రిందివానిని ఇరువురను చూడవలెను.

జంగారెడ్డిగూడెమునుండి ఏలూరునకు పోవు దారిలో పామాయిలు తోట కానవచ్చినప్పుడు, సముద్రమున కావల అట్టి తోటల నడుమ, మన భాష మాటలాడువారి ముంగిట, ఒక క్రొత్త సంవత్సరపు ఉదయమున జరిగిన ఈ పోరాటమును ఒక్కసారి తలచుకొనుడు. మన ఊరి పెద్దలలో యుద్ధమునకో, రంగమునకో, మలయాకో పోయినవారి కథలు ఎరిగినవారు ఇంకను ఉండవచ్చును. వారిని అడిగి తెలిసికొని వ్రాసి పెట్టుడు. కంపార్ ఉపాధ్యాయుడు చేసిన పని అదియే.

ప్రశ్నలు

1. తెలుగువారు మలయాకు వలసపోవుటకు కారణము లెవ్వి? అచ్చట వారి జీవన మెట్లుండెను?

2. కంపార్ స్థలము కాపునకు అనుకూలమగుటకు గల కారణములను వివరింపుము.

3. 1942 జనవరి 2వ తేదీన సిక్కుదళము చేసిన సాహసమును వర్ణింపుము.

4. గట్టు తమ వశమున నున్నను సైనికులు కంపార్‌ను విడిచిపోవలసి వచ్చుటకు కారణమేమి?

5. "మనుష్యుని చేతిలో నున్నది కర్తవ్యము మాత్రమే, ఫలితమునకు అనేక హస్తములు కలవు." ఈ వాక్యమును పాఠమునందలి సంఘటనలతో సమర్థింపుము.

6. మీ ఊరిలోని పెద్దలనడిగి, దూరదేశములకు పోయిన ఒకరి కథను పది వాక్యములలో వ్రాయుము.